నగర ద్వారం వద్ద వాహనం, నగరంలోనికి బస్సు: విశాఖకు అనువైన పార్క్ అండ్ రైడ్ విధానం

విశాఖపట్నం: సొంత వాహనాన్ని నగర శివారులో నిలిపి, అచ్చటి నుండి బస్సులో గాని, రైలులో గాని నగరంలోనికి ప్రయాణించే ఏర్పాటును పార్క్ అండ్ రైడ్ అని వ్యవహరిస్తారు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో ఇది 1973 నుండి అమలులో ఉంది. పేరు కొత్తదైనా పద్ధతి మనకు కొత్త కాదు. పల్లె నుండి సైకిలుపై వచ్చి, స్టేషన్ వద్ద సైకిల్ స్టాండులో దానిని ఉంచి, పట్నం వెళ్లిరావడం మన ప్రాంతంలో ఏనాటి నుండో ఉన్న అలవాటే.

నగర స్వరూపం

విశాఖకు ఒకవైపు సముద్రం, మరొకవైపు కొండలు ఉండగా, నడుమ పోర్టు, నౌకాదళం, విమానాశ్రయం, స్టీల్ ప్లాంట్ భూములు విస్తరించి ఉన్నాయి. రహదారులను కోరినంత వెడల్పు చేసే వీలు లేదు. 2005లో గాజువాక పురపాలక సంఘంతోపాటు పరిసర గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పాటు చేయడంతో నగర పరిధి విస్తరించింది. అయినప్పటికీ కింగ్ జార్జ్ ఆసుపత్రి, కలెక్టర్ కార్యాలయం, జగదాంబ కూడలి, పూర్ణా మార్కెట్ పాత నగర పరిసరాలలోనే ఉన్నాయి. అనకాపల్లి, గాజువాక, పెందుర్తి వైపుల నుండి వచ్చే వాహనాలలో అధిక భాగం ఎన్.ఎ.డి. కూడలి మీదుగా, విజయనగరం వైపు నుండి వచ్చేవి మధురవాడ, హనుమంతవాక మీదుగా నగరంలోనికి ప్రవేశిస్తాయి.

నగర మధ్యంలో బహుళ అంతస్తుల పార్కింగ్ భవనాలు నిర్మించినందువలన వాహనం నిలుపుటకు చోటు లభిస్తుంది గాని, దానిని అచ్చటి వరకు తెచ్చే రద్దీ తగ్గదు. శివారు పార్కింగ్ ఆ రద్దీని మొదటనే నివారించగలదు.

సింహాచలం అనుభవం

అక్షయ తృతీయనాడు జరిగే సింహాచలం చందనోత్సవంలో భక్తుల వాహనాలను కొండ దిగువన నిలిపి, బస్సులలో పైకి చేర్చే పద్ధతి అమలులో ఉంది. పర్వదినాన సాధ్యమైన ఈ ఏర్పాటును పనిదినాలలో నిలకడగా నడపడమే అసలు పరీక్ష.

పాటించవలసిన అంశాలు

- పార్కింగ్ స్థలం రద్దీ మొదలయ్యే కూడలికి ముందే ఉండాలి.
- రోగుల సహాయకులు, షిఫ్టు కార్మికులు తిరిగి వచ్చే వేళ వరకు బస్సులు నడవాలి. చివరి బస్సు తప్పిపోతుందన్న భయం ఉన్నచో ఎవరూ వాహనాన్ని విడిచి వెళ్లరు.
- కార్లకే గాక ద్విచక్ర వాహనాలకు, సైకిళ్లకు నీడ, వెలుతురు, కాపలా కల్పించాలి. సైకిలు వినియోగదారులకు ఈ సౌకర్యం అవసరమని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం పేర్కొన్నది.
- పార్కింగ్ రుసుము, బస్సు ఛార్జీ కలిపినా సొంత వాహనంపై వెళ్లే ఖర్చు కన్న తక్కువగా ఉండాలి. హైదరాబాదులో నాగోలు మెట్రో స్టేషన్ వద్ద ఉచిత పార్కింగ్‌కు రుసుము విధించాలన్న ప్రతిపాదనపై 2024 ఆగస్టులో ప్రయాణికులు నిరసన తెలిపారు.

మెట్రోకు ముందే

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన విశాఖ మెట్రో తొలి దశ ప్రతిపాదన నిడివి 46.23 కిలోమీటర్లు. ఇందులో ప్రధాన మార్గానికి ఒక చివర స్టీల్ ప్లాంట్, మరొక చివర కొమ్మాది ఉన్నాయి. ఈ రెండూ నగర ద్వారాలే. ఇచ్చట పార్కింగ్‌కు అవసరమైన భూమిని ముందుగానే కేటాయించడం మేలు. కట్టడాలు వెలసిన తరువాత అట్టి స్థలం లభించడం దుర్లభం. బస్సులకైతే మెట్రో వచ్చే వరకు వేచి ఉండవలసిన అవసరం లేదు.