ఆరోగ్యశ్రీ ఏ ప్రైవేటు వైద్యానికి మేలు చేసింది? అనంతపురం సాక్ష్యం

పేదల వైద్యఖర్చు ప్రభుత్వమే భరించే ఆంధ్రప్రదేశ్ పథకం ఆరోగ్యశ్రీ గురించి రాసేవారిలో చాలామంది రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్‌ల 2011 నాటి ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ వ్యాసాన్నే ఆధారం చేసుకుంటారు. పథకం ప్రైవేటు రంగానికి లాభించిందని ఆ వ్యాసం శీర్షికే చెబుతుంది. అందులో నాకు పేచీ లేదు. ప్రైవేటు రంగం మొత్తాన్నీ ఒకే గాటన కట్టడంతోనే నా పేచీ. హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రినీ, అనంతపురం సాయినగర్‌లో భార్యాభర్తలైన డాక్టర్లు నడుపుకునే నర్సింగ్‌హోమునూ ఒకే పేరుతో ఎలా పిలుస్తాం?

2007 ఏప్రిల్ 1న పథకం మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. పథకం నెట్‌వర్క్‌లో ఆసుపత్రి చేరాలంటే 50 పడకలుండాలన్నారు. పది, ఇరవై పడకల నర్సింగ్‌హోములకు ఆ గడపలోనే తలుపు మూసుకుంది. ఈ నిబంధనకు మన పరిశోధకులు ఇవ్వవలసినంత చోటు ఇవ్వలేదు. గుండె, మెదడు, క్యాన్సర్ ప్యాకేజీలు పెద్ద నగరాల దారి పట్టాయి. 2011లో గర్భసంచి తీసివేత వంటి 133 చికిత్సలను సర్కారు ఆసుపత్రులకే కేటాయించారు. అనవసరంగా గర్భసంచులు తీసేస్తున్న రోజుల్లో అది అవసరమైన నిర్ణయమే. కానీ దాని దెబ్బ తగిలింది జిల్లాలోని మధ్యస్థాయి ఆసుపత్రులకు; గుండె ఆపరేషన్ల మీద బతికే కార్పొరేట్లకు కాదు. 2019 నవంబరులో పథకాన్ని హైదరాబాదు, చెన్నైలతో పాటు బెంగుళూరుకూ విస్తరించారు. రోగికి అది మేలే; జిల్లా వైద్యం మాత్రం ఇంకా పలచబడింది.

ఇక చిన్న నర్సింగ్‌హోముకు మిగిలిందేమిటి? జ్వరాలు, కాన్పులు, షుగరు, బీపీ: పథకానికి అర్హతనిచ్చే తెల్ల రేషన్‌కార్డు అప్పట్లో పెద్దగా పనికిరాని చికిత్సలన్నీ. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పల్లెల్లో మనిషి ముందు ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత టౌనుకు పోతాడు. శెనక్కాయ ఎండిన ఏడు ఆ ఖర్చంతా వడ్డీకి తెచ్చిందే. 2012లో ఫాన్, కరణ్, మహల్ చేసిన అధ్యయనం కూడా ఇన్‌పేషెంట్ ఖర్చు తగ్గిందంటూనే, కుటుంబాన్ని కూల్చే స్థాయి ఖర్చుపై స్పష్టమైన ప్రభావం కనబడలేదనీ, దళిత, గిరిజన కుటుంబాలకు మేలు తక్కువగా అందిందనీ చెప్పింది.

లాభాపేక్ష లేని బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి, పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రి ఈ చిత్రాన్ని కొంత మారుస్తాయి, నిజమే.

అయినా ఈ సమస్యకు మూలం వేరే చోట ఉంది. ఈ దేశంలో జాతీయ ఆరోగ్య బీమా చట్టమే లేదు. ఆరోగ్యశ్రీ జీవోల మీద నడిచింది. ప్రభుత్వం మారితే ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, మళ్లీ ఆరోగ్యశ్రీ, మళ్లీ వైద్యసేవ. బిల్లులు ఆలస్యమైతే పెద్ద ఆసుపత్రి సంఘం కట్టి సేవలు ఆపగలదు, నెట్‌వర్క్‌లోని జిల్లా ఆసుపత్రి అప్పు చేస్తుంది. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి 5 లక్షల బీమా ఇచ్చినా, ఆసుపత్రిలో చేరితేనే వర్తించే పద్ధతిని వదల్లేదు. ఓపీనీ, చిన్న ఆసుపత్రినీ వదిలేసిన బీమా ఏ మెట్ట ప్రాంతంలోనైనా స్థానిక ప్రైవేటు వైద్యాన్ని ఇలాగే ఎండబెడుతుంది.