ఎవరూ అడగని బెల్టు

మా వీధి చివర ఒక పెద్దాయన షెడ్డులో 1932 నాటి ఫోర్డు రోడ్‌స్టర్ ఉంది. దానికి పైకప్పు లేదు, మడ్‌గార్డులు లేవు, బానెట్టు పక్కరేకులు లేవు. ఇంజను చొక్కా విప్పుకుని రచ్చబండ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఇలాంటి బండిని ఇక్కడ అమెరికాలో హాట్ రాడ్ అంటారు. ఒక శనివారం ఆయన దాని కింద వెల్లకిలా పడుకుని, చట్రానికి ఇనప పట్టీ వెల్డింగ్ చేస్తున్నాడు. ఎందుకండీ అంటే సీటు బెల్టు బిగించడానికట. "పోలీసులు ఆపుతున్నారా?" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టుకుని, ఈ బండికి బెల్టు ఉండాలని ఏ చట్టమూ అడగదన్నాడు.

నాకు బుర్రకెక్కనిది అదే. భద్రాచలం బ్రిడ్జి దాకా బెల్టు చేత్తో పట్టుకుని, పోలీసులు కనపడకుండా పోగానే వదిలేసేవాళ్ల మధ్య పెరిగినవాణ్ని. అడిగేవాడు లేకపోయినా కట్టుకోవడమనేది మా దుమ్ముగూడెం వైపు వినలేదు. అమెరికావాళ్లు మనకన్నా బుద్ధిమంతులని సరిపెట్టుకుందామంటే, ఈ దేశం బెల్టు కట్టుకోవడానికి పెట్టిన పేచీ తెలిశాక ఆ మాట నోట రాలేదు.

హాట్ రాడ్ పుట్టింది కాలిఫోర్నియాలో. 1932లో హెన్రీ ఫోర్డు సామాన్యుడు కొనగలిగే కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టాడు. దాని బలం 65 గుర్రాలు. ఇప్పటి మన చిన్న కార్లకీ అంత ఉంటుంది గానీ, ఆ రోజుల్లో ఆ ధరకి అది విడ్డూరం. నాలుగేళ్లు తిరిగేసరికి అవి తుక్కు దుకాణాలకు చేరాయి. కుర్రాళ్లు కారుచౌకగా కొని, బరువనిపించిన ప్రతి సామానూ ఊడబీకి, లాస్ ఏంజిలిస్‌కి ఉత్తరాన కొండల అవతలి మురాక్ అనే ఎండిన ఉప్పుచెరువుకు తోలుకెళ్లేవాళ్లు. నేల అద్దంలా చదును. చెట్టూ పుట్టా, గొడ్డూ గోదా ఏదీ అడ్డం రాదు. 1937లో ఆ కుర్రాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. తర్వాత యుద్ధం వచ్చింది, చెరువు సైన్యం చేతిలోకి పోయింది, కుర్రాళ్లూ సైన్యంలోకే పోయారు.

యుద్ధం అయ్యాక తిరిగొచ్చినవాళ్ల చేతిలో మిలిటరీ నేర్పిన మెకానిక్ పని ఉంది, జేబులో కాస్త డబ్బుంది, ఒంట్లో భయం లేదు. 1948 జనవరిలో 'హాట్ రాడ్' పేరుతో పత్రికే మొదలైంది. వీధుల్లో పందాలు, చావులు, పేపర్లలో తిట్లు. ఆ పత్రిక సంపాదకుడు వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, పందాన్ని రోడ్డు మీంచి మైదానంలోకి మళ్లించాడు. 1954లో ఓ చిన్న జట్టు ఊరూరా తిరిగి, పందెం ప్రాణాలు పోకుండా ఎలా నడపాలో చూపించింది. మాకు దగ్గర్లోని పొమోనాలో ఇప్పటికీ ఆ పందాలు జరుగుతున్నాయి. చప్పుడుకి ఛాతీ అదురుతుంది.

ఇక్కడ నాకు మన జీపు గుర్తొస్తుంది. గుర్తొస్తే ఆగను, భరించండి. ఆ యుద్ధం కోసమే విల్లీస్ కంపెనీతో పాటు ఫోర్డు కూడా జీపులు తయారుచేసింది. యుద్ధం ముగిశాక మహీంద్రావాళ్లు విల్లీస్ జీపును బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోని బండ్లే చివరికి మన చర్ల రోడ్డుకీ చింతూరు రోడ్డుకీ వచ్చాయి. అంటే మా పెద్దాయన రోడ్‌స్టరూ, సంత రోజున దుమ్ముగూడెం సెంటర్లో కేకలేసే జీపూ వరసకి అన్నదమ్ముల పిల్లలు. కాకపోతే అక్కడివాళ్లు ఊడబీకారు, మనవాళ్లు తగిలించారు. పెట్రోలు ఇంజను దించి డీజిలు ఎక్కించారు. వెనక ఇనప మెట్టు పొడిగించారు, నిచ్చెన కట్టారు, టాపు మీద కటకటాలు వేశారు. లోపల ఎదురుబొదురు బెంచీల మీద సగం సంత. మెట్టు మీద ఆరుగురు. బానెట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు, వాళ్ల కాళ్ల సందులోంచి డ్రైవరు రోడ్డు చూసుకోవాలి. డ్రైవరుకి కుడిపక్కన కూడా ఒకడుంటాడు, వాడి నడుం సీటు మీదా, కుడికాలు గాల్లోనూ. కోళ్లగంప ఎవరి ఒళ్లో ఉందో ఆ గంప యజమానికే తెలియదు. ఆ బండిలో మా అమ్మ ఒళ్లో కూర్చుని వెళ్లినప్పుడు నాకు ఎన్నడూ భయం వేయలేదు. ఒకళ్లనొకళ్లు అంత గట్టిగా నొక్కుకుని కూర్చుంటే ఎవరు మాత్రం ఎక్కడికి ఎగిరిపడతారు అనుకునేవాణ్ని.

ఎగిరిపడతారో లేదో తేల్చిన మనిషి కథ మళ్లీ ఆ మురాక్ చెరువు దగ్గరే మొదలవుతుంది. 1947లో జాన్ పాల్ స్టాప్ అనే వైమానిక దళ డాక్టరు అక్కడికొచ్చాడు. విమానం కూలినప్పుడు మనిషి ఎంత కుదుపు తట్టుకోగలడో చూడాలని పట్టాల మీద రాకెట్ బండి పెట్టించి, బొమ్మలతో పని కానప్పుడు తానే ఎక్కి కూర్చున్నాడు. పక్కటెముకలు విరిగాయి, మణికట్టు విరిగింది, కంట్లో నెత్తురు చేరింది. తప్పు జరిగే వీలుంటే జరిగే తీరుతుందని ఇంజినీర్లు చెప్పుకునే మర్ఫీ సూత్రం కూడా ఆయన ప్రయోగాల్లో ఎవరో తీగలు తిప్పి కలిపినప్పుడు పుట్టిందే. 1954 డిసెంబరులో, న్యూ మెక్సికోలో, గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని 1.4 సెకన్లలో ఆగాడు. తన బరువుకి 46 రెట్ల తాకిడి. కాసేపు కళ్లు కనపడలేదు. ఆ తర్వాత పాతికేళ్లకు కాదు, నలభై అయిదేళ్లకు, మంచం మీద ప్రశాంతంగా పోయాడు. పట్టీలు సరిగ్గా ఉంటే మనిషి తట్టుకుంటాడని ఆయన శరీరమే సాక్ష్యం. లెక్క చూస్తే ఆ రోజుల్లో వైమానిక దళం విమానాల్లో కన్నా కార్లలోనే ఎక్కువమందిని పోగొట్టుకునేది. దాంతో ఆయన కార్లవాళ్ల వెంటపడ్డాడు.

కార్లవాళ్లు వింటేగా! 1949లో నాష్ కంపెనీ బెల్టులు పెడితే, కొన్నవాళ్లు వాటిని తీసేయమని డీలర్లను అడిగారు. 1956లో ఫోర్డులో రాబర్ట్ మెక్‌నమారా బెల్టులు, మెత్తటి డాష్‌బోర్డు అమ్మడానికి తెగ ప్రచారం చేయించాడు. భద్రత గురించి మాట్లాడితే కారంటేనే జనం భయపడతారని కంపెనీలో సణుగుడు. ఆ మెక్‌నమారాయే తర్వాత రక్షణ మంత్రై వియత్నాం యుద్ధం నడిపాడు. బెల్టు కోసం తాపత్రయపడ్డవాడూ, ఆ యుద్ధం నడిపినవాడూ ఒకడేనంటే నాకు ఇప్పటికీ ఎలాగో ఉంటుంది. 1959లో స్వీడన్‌లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ నడుమునీ భుజాన్నీ కలిపి పట్టే ఇప్పటి బెల్టు చేశాడు. ఆ పేటెంటును వోల్వో ఎవరైనా వాడుకోండని వదిలేసింది. అమెరికాలో మాత్రం 1965లో కార్లు ప్రమాదకరమంటూ రాల్ఫ్ నేడర్ రాసిన పుస్తకం వచ్చి, ఆయన వెనక జనరల్ మోటార్స్ డిటెక్టివులను పెట్టిన సంగతి సెనేట్‌లో బయటపడి, కంపెనీ అధ్యక్షుడు బహిరంగంగా క్షమాపణ చెప్పాక గానీ 1966 చట్టం రాలేదు. ఆ చట్టం కిందనే 1968 జనవరి 1 నుంచి కొత్త కార్లకు బెల్టు తప్పనిసరి. అంతకుముందు పుట్టిన బండిని ఆ నిబంధన వెనక్కి వెళ్లి పట్టుకోదు.

బెల్టు పెట్టారు సరే, కట్టుకునేదెవరు? 1974 మోడళ్లలో ముందుసీటువాళ్లు బెల్టు పెట్టుకోకపోతే కారు స్టార్ట్ కాకుండా ఏర్పాటు చేశారు. పక్కసీట్లో కూరగాయల సంచి పెట్టినా దాన్ని మనిషనుకుని కారు మొరాయించేది. దేశం అట్టుడికిపోయింది. 1974 ముగియకముందే అమెరికా కాంగ్రెస్ అలాంటి నిబంధన పెట్టడాన్నే నిషేధించింది! న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంలోనైతే పెద్దవాళ్లకు బెల్టు చట్టం ఇవాళ్టికీ లేదు. స్వేచ్ఛ లేకపోతే చావే నయమన్న నినాదాన్ని ఆ రాష్ట్రం కార్ల నంబరు ప్లేట్ల మీదే ముద్రిస్తుంది. ఇంత స్వేచ్ఛ చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, ఒళ్లూ జలదరిస్తుంది.

జూలై 4న, వీళ్ల స్వాతంత్ర్య దినాన, మా ఊళ్లో ఊరేగింపులో ఈ పాత బండ్లన్నీ బారులు తీరతాయి. పిల్లలు జెండాలూపుతారు. నేను చప్పట్లు కొడుతూనే ఫోన్లో భద్రాచలం దగ్గర గోదావరి మట్టం చూస్తుంటాను. ఆ నెల మొదలైతే నాకు అదొక జబ్బు. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 2022లో 71 దాటినప్పుడు ఇక్కడ నాలుగు రోజులు అన్నం సయించలేదు. పక్కనున్నవాళ్లు ఏదైనా ఆట స్కోరు చూస్తున్నానేమో అనుకుంటారు. ఏమని చెప్పను?

షెడ్డులో మా పెద్దాయన పని చూడటం మొదలెట్టాక నాకు తెలిసిందేమిటంటే, బెల్టు తగిలించడం అంటే బెల్టు కొనడం కాదు. పల్చటి రేకుకి బోల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు రేకుతో సహా చీలిపోతుంది. అందుకే చట్రానికి పట్టీ. భుజం మీది పట్టీని సీటు వెనక నేలకు కడితే, తాకిడికి అది భుజాలను కిందికి లాగి వెన్నుపూసలను నొక్కేస్తుంది. కాబట్టి భుజాల ఎత్తులో అడ్డకమ్మీ వేసి దానికి కట్టాలి. తల పక్కన ఇనప గొట్టాల పంజరం కడదామా అంటే, హెల్మెట్ లేకుండా రోడ్డు మీద తిరిగేవాడికి ఆ గొట్టమే సమ్మెట. స్టీరింగు రాడ్డు ముందునుంచి గుండెకు గురిపెట్టిన బల్లెంలా ఉండేది. దాన్ని తీసి, తాకిడికి తనలోకి తాను ముడుచుకునే కాలమ్ పెట్టాడు. 1932 ఫోర్డులో బ్రేకు అంటే పెడల్ నుంచి చక్రానికి పోయే ఇనప కడ్డీలే. నూనె బ్రేకులకు ఫోర్డు 1939లో గానీ దిగిరాలేదు. ఇప్పుడు ఆయన పెట్టింది రెండు గదుల మాస్టర్ సిలిండరు. ఒక గొట్టం పగిలినా రెండో జత చక్రాలు ఆగుతాయి. ఆ సిలిండరు పాదాల కింద, చక్రాల దగ్గరి కాలిపర్ల కన్నా కిందుగా ఉంటుంది. అందువల్ల బండి నిలబెట్టినప్పుడు నూనె వెనక్కి జారిపోతుంది, తెల్లారి మొదటి బ్రేకు గాల్లోకి పోతుంది. అది జారకుండా దారిలో బొటనవేలంత వాల్వు పెట్టాడు. దాన్ని నా అరచేతిలో పెట్టి, ఈ బండిలో అన్నిటికన్నా చవకైన ప్రాణం ఇదేనన్నాడు. ఎక్కడైనా గుద్దుకుంటే పెట్రోలు పంపు తనంతట తాను ఆగిపోయే స్విచ్చు ఏదో పాత ఫోర్డులోంచి తీసుకొచ్చాడు. వెనక ఎర్ర దీపాలు మాత్రం చూపుకి పాతవే, 1939 మోడల్‌వి, కన్నీటిచుక్క ఆకారంలో. లోపల ఎల్ఈడీలు దాచాడు.

ఇదంతా ఉత్సాహంగా చింతూరులో ఉన్న మా మేనల్లుడికి చెప్పాను. వాడు ఓ పాత పెట్రోలు జీపు కొన్నాడు. దానికి క్రోము గొట్టాలు, పైన లైట్ల బారు పంపమని అడుగుతున్నాడు. మన దగ్గర ఇలాంటి మార్పులు అంత తేలిక కాదు కదా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చొద్దంటుంది. 2021 నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తున్నారు గానీ, చట్రం, బాడీ, ఇంజను మార్చని బండికే, అదీ ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ తిప్పడానికి కాదు. మా పెద్దాయన బండి అక్కడుంటే ఆర్టీఓ గేటు దగ్గరే ఆగిపోతుంది. చర్ల రోడ్డు జీపులు మరి ఎన్నేళ్లు ఎలా తిరిగాయంటే నన్నడగొద్దు.

గొట్టాలు పక్కన పెట్టు అల్లుడూ, ముందు బ్రేకులు చూపించు, తర్వాత ముందుసీట్లకు బెల్టులు బిగించు అన్నాను. వెనక అడ్డబెంచీలకు మాత్రం బెల్టు వద్దన్నాను. పక్కకు తిరిగి కూర్చున్నవాడికి ఆ బెల్టే నడుం విరుస్తుంది. అక్కడ ఎవర్నీ ఎక్కించుకోకపోవడమే మందు. వాడు బుద్ధిగా విన్నాడు. విని, "మామా, ముందు సీట్లో బెల్టు ఇద్దరికే వస్తది, మేం కూర్చునేది నలుగురం గదా, మిగతా ఇద్దర్ని ఏం జేయమంటవ్?" అన్నాడు.