స్టూడీబేకర్ బండి ఆగింది

ఎడ్లు లాగినా ఇంజన్ లాగినా తెలుగువాడికి అది బండే. అమెరికాలో ఈ మాట అచ్చంగా అతికే కంపెనీ ఒకటుండేది: స్టూడీబేకర్. 1852లో ఇండియానా రాష్ట్రంలోని సౌత్‌బెండ్‌లో హెన్రీ, క్లెమెంట్ అనే అన్నదమ్ములు 68 డాలర్లతో కమ్మరి కొలిమి పెట్టారు. తమ్ముడు జాన్ బంగారం వేటకని కాలిఫోర్నియా వెళ్లాడు. వెళ్లి, బంగారం తవ్వేవాళ్లకు ఒంటిచక్రం తోపుడు బళ్లు చేసి అమ్మాడు. ఐదేళ్లకు 8 వేల డాలర్లు మూటగట్టుకొచ్చి అన్నల వ్యాపారంలో పెట్టాడు. బంగారం తవ్వినవాళ్లలో ఎందరికి అంత మిగిలిందో!

గుర్రబ్బళ్లతో పేరు మోసిన ఈ ఇంటివాళ్లు 1902లో కరెంటు కారు, 1904లో పెట్రోలు కారు తెచ్చారు. 1933లో దివాలా తీసీ మళ్లీ లేచారు. రెండో ప్రపంచయుద్ధం కాగానే పెద్ద కంపెనీలకన్నా ముందు సరికొత్త రూపంతో కార్లు దించారు. అందులో ఒక మోడల్‌కు వెనక అద్దం కూడా ముందద్దంలా చుట్టూ తిరిగి ఉండేది. కారు వస్తోందో పోతోందో తెలియడం లేదని జనం నవ్వుకున్నారు. నవ్వుతూనే కొన్నారు: 1950లో అమ్మకాలు 3 లక్షలు దాటాయి.

చేతినిండా డబ్బు ఆడిన ఆ రోజుల్లోనే చెద మొదలైంది. యాజమాన్యం వాటాదారులకు లాభాలు ధారాళంగా పంచింది, సమ్మెలు రాకుండా కూలీ పెంచింది, పాతబడ్డ ఫ్యాక్టరీని మాత్రం పట్టించుకోలేదు. 1953 కారు కంటికి ఇంపే. తీరా బిగించబోతే ఇంజన్ బరువుకు ఛాసిస్ వంగి, ముందు రేకులు అతకలేదు. అదే ఏడు ఫోర్డ్, షెవర్లే ధరల పోటీకి దిగాయి. 1954లో ప్యాకార్డ్ అనే మరో కార్ల కంపెనీతో కలిశారు గానీ, ఈత రానివాడు ఈత రానివాణ్ణి పట్టుకున్నట్టయింది. 1959 మోడల్‌గా వచ్చిన చిన్న కారు లార్క్ కాస్త ఊపిరి పోసింది. మరుసటి మోడల్ సంవత్సరానికే మూడు పెద్ద కంపెనీలూ చిన్న కార్లు దించాయి.

1963 డిసెంబరు 20న సౌత్‌బెండ్‌లో చివరి కారు బయటికొచ్చింది. ఆ తర్వాత కెనడాలోని హామిల్టన్‌లో 1966 మార్చి దాకా నెట్టుకొచ్చారు. అప్పటికి సొంత ఇంజన్ కూడా లేదు. బానెట్ ఎత్తితే కనిపించేది షెవర్లే వంశపు ఇంజనే.

సౌత్‌బెండ్ ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు కార్మికులకు తగిలిన అసలు దెబ్బ పింఛన్లది. అరవై దాటినవాళ్లకు పూర్తిగా ఇచ్చారు. నలభై నుంచి అరవై మధ్యలో ఉన్న సుమారు 4 వేల మందికి రావలసిన ప్రతి డాలరుకూ 15 సెంట్లు దక్కాయి. మిగిలినవాళ్లకు సున్నా. కార్మిక సంఘం ఈ ఉదాహరణను వాషింగ్టన్ దాకా మోసుకెళ్లింది. 1974లో ప్రైవేటు పింఛన్లకు రక్షణగా ఎరిసా చట్టం వచ్చింది. సంతకం చేసిన అధ్యక్షుడు ఫోర్డ్. కార్ల ఫోర్డ్‌తో ఆయనకు చుట్టరికం లేదు లెండి. స్టూడీబేకర్ కార్మికులకు మాత్రం ఆ చట్టం పోయిన సొమ్ము తెచ్చిపెట్టలేదు.