పులి–మేక నుంచి తేనెపట్టు దాకా: ఆట నియమాల్లో చరిత్ర



మార్కాపురం పలకల ఊరు. ఆ పలక మీద బలపంతో ఒక త్రికోణం గీసి, లోపల నిలువు గీతలు, అడ్డగీతలు కలిపితే పులి–మేక ఆటకు రంగం సిద్ధమవుతుంది. గులకరాళ్లు పులులు, చింతగింజలు మేకలు. ఇప్పుడు ఒక ప్రశ్న: అదే పలక మీద తేనెపట్టును ఆటగా మలచాలంటే నియమాలు ఎలా ఉండాలి? చరిత్ర విద్యార్థికి ఈ పని ఎందుకని మీరు అడగవచ్చు. సమాజం ఎలా నడుస్తుందని మనం నమ్ముతామో ఆట నియమాలు బయటపెడతాయి. అందుకే అవి కూడా చరిత్రకు ఆధారాలే.

చదరంగాన్ని చూడండి. రాజు చిక్కితే ఆట ముగిసినట్టే. ఎంత సైన్యం మిగిలినా లాభం లేదు. పులి–మేకలో రాజు లేడు. ఎక్కువగా ఆడే ఒక రూపంలో 3 పులులు, 15 మేకలు ఉంటాయి. మేక వెనుక గడి ఖాళీగా ఉంటే పులి దాని మీదుగా దూకి చంపుతుంది. ఆ గడిలో మరో మేక ఉంటే దూకలేదు. అంటే మేకకు రక్షణ నాయకుడు కాదు, పక్కనున్న మేక.

తేనెపట్టు ఏ ఆటకు దగ్గర? పట్టుకు అధిపతి రాజు అని అరిస్టాటిల్ కాలం నుంచీ ఐరోపాలో భావించారు. 1609లో ఇంగ్లండుకు చెందిన చార్లెస్ బట్లర్ తన గ్రంథంలో దాన్ని స్త్రీ రాజ్యంగా వర్ణించాడు. రాజు పోయి రాణి వచ్చింది గాని, పాలకులు ఉండి తీరాలన్న ఊహ పోలేదు. నిజానికి రాణి ఈగ గుడ్లు పెడుతుంది. ఆమె వాసన పట్టును కలిపి ఉంచుతుంది. పనులు పంచేది మాత్రం ఆమె కాదు. పూలున్న దిక్కును, దూరాన్ని ఈగలు నాట్యంతో ఒకదానికొకటి తెలుపుకుంటాయని కార్ల్ ఫాన్ ఫ్రిష్ నిరూపించాడు. 1973లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకడు.

కాబట్టి మీ ఆటలో రాణి పావును ఆజ్ఞలిచ్చే పావుగా పెట్టకండి. నలుగురు ఆటగాళ్లు నాలుగు ఈగలు కావాలి. ఎవరి చీటీలు వారికే కనబడాలి. మాట్లాడకూడదు, దిక్కును తెలిపే సైగ ఒక్కటే చేయాలి. గెలిస్తే పట్టు అంతా గెలుస్తుంది, ఓడితే అంతా ఓడుతుంది.

ఇంకో పక్షం కూడా ఉంది. నల్లమలలో కొండతేనె తీసేది చెంచులు. పొగ పెట్టి, తాడు పట్టుకుని కొండచరియ దిగే మనిషి ప్రాణం పైన తాడు పట్టిన వారి చేతిలో ఉంటుంది. తేనె ఉన్న భాగాన్నే కోసి, పిల్లలున్న భాగాన్ని వదిలితే పట్టు బతుకుతుంది. అందుకే వారిని పులి పావులుగా చూపడం తప్పు. ఇరుపక్షాలూ మిగిలితేనే ఇద్దరూ గెలిచినట్టు నియమం రాయండి.

1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1882 నాటికి అది మద్రాసు ప్రెసిడెన్సీ నేల. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో, అడవిలో తరతరాలుగా బతికినవారు ప్రభుత్వ అనుమతికి లోబడ్డారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె కొనుగోలుకు మార్గం చూపింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయాల జాబితాలో తేనెను పేరుపెట్టి చేర్చింది. ఆట మధ్యలో నియమం మారితే ఎవరు నష్టపోతారో ఈ మూడు తేదీలను చీటీలుగా వేసి చూడండి.

పాలకుల వరస చెబితే చరిత్ర పూర్తయిందనుకునే అలవాటు మనకుంది. పట్టును రాణి నడుపుతుందనుకోవడం కూడా అలాంటి పొరపాటే.

మీ ప్రగతిని సరిచూసుకోండి
1. చదరంగం, పులి–మేక అధికారాన్ని చూపే తీరులో తేడా ఏమిటి?
2. 1882 చట్టాన్ని మీ ఆటలో ఏ నియమంగా మారుస్తారు? కారణం రాయండి.