సమాధి కావలివారి కవచము: ఇటలీ పునరుజ్జీవన చిత్రాలలో సైనికుడు

పీఠిక

యేసు సమాధికి కావలి పెట్టిన సంగతిని నలుగురు సువార్తికులలో మత్తయి ఒక్కడే వ్రాశాడు (మత్తయి 27:62-66). ఆ కావలివారు ఎటువంటి కవచము తొడిగారో అతడు చెప్పలేదు. 15వ శతాబ్దపు ఇటలీ చిత్రకారులు పురాతన రోమా శిల్పాలలో చూచినదానిని, తమ కాలపు సైనికుల వేషాన్ని కలిపి ఆ లోటు పూరించారు. పాత కథకు సొంత కాలపు బట్టలు తొడగడము మనకు కొత్త కాదు. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు మీద పురాణ పాత్రలు విజయనగర కాలపు వస్త్రాలలోనే కనబడతాయి. అయితే సువార్త చిత్రములో కవచము ఎక్కడ, ఎవరి ఎదుట ఉన్నదనేది బోధకుడు ఆలోచించవలసిన విషయము.

జీతపు సైన్యాలు

అప్పటి ఇటలీ ఒకే రాజ్యము కాదు. ఫ్లోరెన్సు, మిలాను, వెనిసు వంటి నగర రాజ్యాలు ఒప్పందము వ్రాయించుకొని, జీతమిచ్చి సేనానులను పెట్టుకొనేవి. వారిని కొండొత్తియేరి అనేవారు. మిలాను ఉక్కు కవచాలకు యూరపు అంతటా పేరుండేది. 1432లో సాన్ రొమానో దగ్గర ఫ్లోరెన్సు, సియెనా సైన్యాల మధ్య జరిగిన యుద్ధాన్ని పావోలో ఉచ్చెల్లో మూడు పలకల మీద చిత్రించాడు. ప్రస్తుతము అవి లండను, ఫ్లోరెన్సు, పారిసు నగరాలలో ఉన్నాయి. కవచాలు నిజముగా మెరవాలని అతడు వెండి రేకు అంటించాడు. కాలక్రమములో ఆ వెండి నల్లబడింది.

మోకరించిన సేనాని

ఉర్బినో పాలకుడైన ఫెదెరీకో ద మోంతెఫెల్త్రో ఇటువంటి జీతపు సేనానులలో ప్రసిద్ధుడు. 1470ల తొలి సంవత్సరాలలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా చిత్రించిన బలిపీఠపు చిత్రము నేడు మిలానులోని బ్రేరా చిత్రశాలలో ఉన్నది. అందులో ఫెదెరీకో మరియ ఒడిలోని శిశువు ఎదుట మోకరించాడు. శిరస్త్రాణము, ఇనుప చేతి తొడుగులు నేలమీద పెట్టాడు. ఒంటిమీది కవచము మాత్రము విప్పలేదు, నడుమునుండి కత్తీ తీయలేదు. యుద్ధమే వృత్తిగా గలవాని భక్తి ఎంతవరకు వచ్చి ఆగిందో ఈ చిత్రము చూపుతున్నదని నా అభిప్రాయము.

నిద్రించే కావలివారు

పియెరో సొంత ఊరు సాన్‌సెపోల్క్రో. ఆ పేరుకు పవిత్ర సమాధి అని అర్థము. 1460లలో ఆ ఊరి సభాభవనపు గోడ మీద అతడు పునరుత్థానమును చిత్రించాడు. క్రీస్తు సమాధి అంచు మీద కాలు మోపి, జెండా పట్టుకొని నిలిచాడు. క్రింద నలుగురు సైనికులు నిద్రపోతున్నారు. వారిలో ఒకని ముఖము చిత్రకారునిదే అని సంప్రదాయము.

ఇక్కడ ఒక వేదాంత ప్రశ్న ఉన్నది. మత్తయి చెప్పినది నిద్ర కాదు. కావలివారు దూతను చూచి భయముతో వణకి చచ్చినవారివలె అయ్యారు (28:4). నిద్రపోయామన్నది ప్రధానయాజకులు ద్రవ్యమిచ్చి వారిచేత చెప్పించిన మాట (28:12-13). కావలివారిని నిద్రపోతున్నట్లు చూపే వాడుక పియెరోకు ముందునుండే యూరపు చిత్రాలలో ఉన్నది. ఆయుధబలము పునరుత్థానుని ఎదుట పడిపోయిందని చెప్పడమే దాని ఉద్దేశము కావచ్చు. అయినా డబ్బు పుచ్చుకొని పలికిన సాక్ష్యమే ఆరాధనా చిత్రములో స్థిరపడింది.

1944లో ఈ ఊరిమీద గుండ్లు కురిపించమని ఆజ్ఞ పొందిన బ్రిటిషు అధికారి టోనీ క్లార్క్, ఈ చిత్రాన్ని గూర్చి ఆల్డస్ హక్స్‌లీ 1925లో ప్రచురించిన వ్యాసము జ్ఞాపకము వచ్చి కాల్పులు ఆపించాడు. అదే సంవత్సరము మార్చి 11న పాదువాలోని ఎరెమితాని దేవాలయము మీద పడిన బాంబులు, ఆండ్రియా మాంతెన్యా రోమా సైనికులను చిత్రించిన గోడలను చాలావరకు నాశనము చేశాయి.

ముగింపు

పౌలు మైమరువు, డాలు, శిరస్త్రాణము అనే మాటలను సంకెళ్లలో ఉండి వాడాడు (ఎఫెసీ 6:14-20). కవచము తొడిగినవారి కాపలాలో ఉన్నవాడు దానికి నీతి, విశ్వాసము, రక్షణ అనే అర్థాలిచ్చాడు. మన సంఘాల ఈస్టరు నాటికలలో కూడా అట్ట కవచాలు తొడిగిన కుర్రవాళ్లు గురకపెట్టి నవ్విస్తుంటారు. ఆ నాటిక నేర్పే కాపరి మత్తయి 28:4తోపాటు 11 నుండి 15 వరకు గల వచనాలను కూడా వారిచేత చదివించాలి. నిద్ర అన్న మాటకు వెల కట్టినవారెవరో అప్పుడు పిల్లలకు తెలుస్తుంది.