సముద్రం దాటని రూపాయి

వలస పోయిన మనిషి మీద మన సాహిత్యంలో వచ్చినంత రచన, ఆ మనిషి పంపే పైకం మీద రాలేదు. కథలో మనియార్డరు వస్తుంది. పోస్ట్‌మ్యాన్ వేలిముద్ర వేయించుకుంటాడు. తల్లి కళ్ళు తుడుచుకుంటుంది. ఆ పైకం ఏ దారిన వచ్చింది, దారిలో ఎవరెంత కోసుకున్నారు అన్న ప్రశ్న కథకునికీ పట్టదు, విమర్శకునికీ పట్టదు. చెమట నుంచి విడిపోయిన మరుక్షణం డబ్బుకు చరిత్ర వుండదని మనం అనుకుంటున్నట్టుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాన్ని తీసుకుని చూస్తే యీ అభిప్రాయం నిలవదు. యిక్కడి రైతు సొమ్ము సముద్రాల అవతలికి పోవడం నూటయాభై యేళ్ళ కిందటే వుంది. మధ్యలో కొంతకాలం సొమ్ము యిటు వచ్చింది. యిప్పుడు మళ్ళీ అటు కూడా పోతున్నది.

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకోవాలి. సముద్రం దాటేది డబ్బు కాదు, డబ్బు మీద హక్కు. హుండీ అనగానే మనకు అహోబిలంలోనో తిరుమలలోనో మొక్కుబడి వేసే పాత్ర గుర్తుకొస్తుంది. వర్తకుల హుండీ వేరు. యీ వూళ్ళో షావుకారుకు రూపాయలు కడితే అతడు చీటీ రాసిస్తాడు. దూరపు వూళ్ళో అతని భాగస్తుడు ఆ చీటీ చూసి పైకం చెల్లిస్తాడు. అటు నుంచి యిటు కూడా చీటీలు వస్తూనే వుంటాయి కనుక రెండు లెక్కలూ ఒకదానికొకటి చెల్లు. నిజంగా కదలవలసిన డబ్బు కొంచెమే. 2011లో లండన్‌లో యిద్దరు ఎస్టోనియా దేశస్తులు స్థాపించిన కంపెనీ, నేడు వైజ్ అని పిలిచేది, సరిగ్గా యీ సూత్రం మీదనే పుట్టింది. ఒకనికి పౌండ్లలో ఆదాయం, యూరోలలో ఖర్చు. మరొకనికి యూరోలలో ఆదాయం, పౌండ్లలో ఖర్చు. యిద్దరూ బ్యాంకును పక్కనబెట్టి తమలో తాము మార్చుకున్నారు. ప్రపంచం దాన్ని నూతన ఆవిష్కరణ అన్నది. మన బజారు షావుకారు వింటే నవ్వి వుండేవాడు.

అయితే యీ సూత్రాన్ని అందరికంటే పెద్ద ఎత్తున వాడుకున్నది షావుకారూ కాదు, కంపెనీ కుర్రవాళ్ళూ కాదు, బ్రిటిషు ప్రభుత్వం. 1839లో కర్నూలు నవాబు రాజ్యం ఇంగ్లీషు కంపెనీ చేతిలో పడింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. మన పాటలూ సినిమాలూ ఆ ఘట్టాన్ని శౌర్యగాథగానే చూశాయి. శౌర్యం వున్నమాట నిజమే. కాని ఖజానా మీదనే ఎందుకు పడ్డారు? పల్లెలో పండిన పంట శిస్తు రూపంలో పల్లెను విడిచిపెట్టే ద్వారం అదే కనుక. ఆ ద్వారం దాటిన రూపాయి లండన్‌లో పౌను ఎట్లా అయిందన్నది తర్వాతి కథ.

అది జరిగిన తీరు యిది. భారత మంత్రి లండన్‌లో కౌన్సిల్ బిల్లులనే కాగితాలు అమ్మేవాడు. మన పత్తి, నూనెగింజలు కొనదలచిన ఇంగ్లీషు వర్తకుడు అక్కడ పౌన్లు కట్టి ఆ బిల్లు కొనేవాడు. బిల్లును యిక్కడికి పంపితే మద్రాసు, కలకత్తా, బొంబాయి ఖజానాలు రూపాయలు చెల్లించేవి. అంటే రైతు కట్టిన శిస్తుతోనే రైతు పంటను కొన్నారు. పౌన్లు మాత్రం లండన్‌లోనే వుండి పింఛన్లకూ, వడ్డీలకూ, సైన్యం ఖర్చులకూ పోయాయి. దాదాభాయి నౌరోజీ దీన్నే సంపద తరలింపు అన్నాడు. ఒక్క వెండి రూపాయి ఓడ ఎక్కనక్కర లేకుండా ఒక దేశపు సంపద మరొక దేశానికి చేరింది.

నంద్యాలకు యిది దూరపు సంగతి కాదు. కె.సి. కాలువ సాక్ష్యం మన పొలాల్లోనే పారుతున్నది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే లండన్ సంస్థ 1863లో మొదలుపెట్టి, తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కుందూ లోయ వెంట కడప దాకా యీ కాలువ తవ్వించింది. కంపెనీ మూలధనంలో పది లక్షల పౌన్లకు నూటికి అయిదు చొప్పున వడ్డీ వస్తుందని ప్రభుత్వం హామీ పడింది. కాలువలో నీరు పారినా పారకపోయినా, రైతు తీసుకున్నా తీసుకోకపోయినా లండన్ వాటాదారుకు ఏటా యాభై వేల పౌన్లు ముట్టవలసిందే. నల్లరేగడిలో జొన్న వేసుకునే రైతు ఆ నీటికి వెంటనే ఎగబడలేదు. 1876–78 నాటి ధాతు కరువులో మాత్రం ఎగబడ్డాడు. కాలువ ఆదాయం ఆ వడ్డీకి ఎన్నడూ చాలలేదు. లోటు ప్రజల పన్నుల్లో నుంచి పూడ్చారు. చివరకు 1882లో వాటాదార్లకు సొమ్ము చెల్లించి ప్రభుత్వమే కాలువను తీసుకున్నది. కాలువ మేలు చేయలేదని యెవరూ అనరు. నేటి ఆయకట్టు రైతు అసలే అనడు. కాని ఆ నీటికి చెల్లించిన ధరలో కొంత ఏటా దేశం దాటిందన్నది కూడా మరువరాదు.

మారకపు రేటు చేసే పని కూడా యిక్కడే తెలుస్తుంది. 1870ల మొదట్లో రూపాయి విలువ దాదాపు రెండు షిల్లింగులు. ఆ లెక్కన యాభై వేల పౌన్లంటే అయిదు లక్షల రూపాయలు. వెండి ధర పడిపోవడంతో 1882 నాటికి రూపాయి సుమారు యిరవై పెన్నీలకు దిగింది. అదే యాభై వేల పౌన్లకు యిప్పుడు ఆరు లక్షలు కావాలి. పుచ్చుకునేవాడికి పౌనులో ఒక్క పెన్నీ పెరగలేదు. కట్టేవాడికి లక్ష పెరిగింది. యీ లెక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ దీనితో పని పడుతుంది.

మనియార్డరు 1880లో వచ్చింది. దానితో బాగుపడినది ప్రధానంగా కోస్తా. రంగూన్ రేవులో మూటలు మోసిన గోదావరి, విశాఖ కూలీలకు ఒక సౌకర్యం వుండేది: 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగం, రెండు చోట్లా రూపాయి ఒక్కటే. మారకపు గొడవ లేదు. రాయలసీమ మనిషి అంతగా ఆ దారి పట్టలేదు. అతని సముద్రయానం తర్వాత, గల్ఫ్‌తో మొదలయింది.

1970ల్లో చమురు ధర పెరిగి ఎడారుల్లో నగరాలు లేచాయి. కడప జిల్లా పల్లెలు కువైట్ దారి పట్టాయి. ఆళ్లగడ్డ ఆ జిల్లా సరిహద్దు పక్కనే. మగవాళ్ళు డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పోయారు. ఆడవాళ్ళు యిళ్ళల్లో పనికి పోయారు. వాళ్ళ పైకం ఎట్లా వచ్చేది? 1973 నాటి ఫెరా చట్టం విదేశీ మారకాన్ని ఉక్కుపిడికిట్లో పట్టింది. ప్రభుత్వం నిర్ణయించిన రేటు ఒకటి, బజారులో నిజంగా పలికే రేటు మరొకటి. ఆ రెంటి మధ్య సందులో హవాలా బతికింది. హవాలా వాడు యింటికే వచ్చి రూపాయలిచ్చేవాడు, బ్యాంకుకంటే ఎక్కువిచ్చేవాడు, చదువురాని తల్లిని ఫారం నింపమనేవాడు కాదు. దేశద్రోహమని పత్రికలు రాశాయి. అరబ్బు యింట్లో గిన్నెలు తోమిన మనిషి, తన దినారుకు నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చే చోటికి పోవడంలో ద్రోహమేముందో నాకు అర్థం కాదు. అప్పు నూటికి మూడు రూపాయల వడ్డీతో పెరుగుతుంటే ఆ నాలుగు రూపాయలే ఆమె రక్షణ.

1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. చేతిలో వున్న కువైట్ దినారును మార్చుకునే దిక్కు లేక వచ్చినవారెందరో. చమురు ధర పెరిగింది. దేశపు విదేశీ మారక నిధులు అడుగంటాయి. 1991లో ప్రభుత్వం బంగారాన్ని విదేశీ బ్యాంకులకు కుదువపెట్టింది. జులై మొదటి మూడు రోజుల్లో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావుకు పార్లమెంటులో స్థానం లేదు. ఆ నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో నిలబడి 5 లక్షల 80 వేల ఓట్ల ఆధిక్యతతో గెలిచాడు. విదేశీ మారకపు తలుపులు తెరిచిన ప్రభుత్వాధినేత ఆ ఐదేళ్ళూ నంద్యాల సభ్యుడే. 1992 మార్చిలో ద్వంద్వ రేటు, 1993లో ఏకైక బజారు రేటు, 1994 ఆగస్టులో కరెంటు ఖాతాలో రూపాయి మార్పిడి స్వేచ్ఛ, అన్నీ ఆయన కాలంలోనే. హవాలా బతికిన సందు యిరుకైంది. బయటి నుంచి యిళ్ళకు వచ్చిన పైకం 1990–91లో సుమారు 200 కోట్ల డాలర్లు వుంటే, 1996–97 నాటికి 1,200 కోట్లు దాటింది. అందులో కొంత కొత్తగా సంపాదించినది, కొంత అంతకుముందు దొంగదారిన వచ్చినదే.

యీ చరిత్రను సంస్కరణల విజయగాథగా చెప్పేవారు ఒక సంగతి దాటవేస్తారు. 1970 నుంచే ప్రవాసులకు ఎన్.ఆర్.ఇ. ఖాతాలున్నాయి. వాటి వడ్డీ మీద ఆదాయపు పన్ను లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకుపోవచ్చు. 1990–91 గడ్డు రోజుల్లో మొదట పారిపోయినవి ఆ ప్రవాస డిపాజిట్లే. పనిమనిషి పంపిన పైకం పారిపోలేదు. పారిపోవడానికి అది డిపాజిట్టుగా నిలిచింది ఎప్పుడు? వచ్చిన నాడే అప్పులవాడికి, కిరాణా కొట్టుకు, కూతురి పెళ్ళికి పోయింది. దేశభక్తి బిరుదులు మాత్రం డిపాజిట్టుదార్లకు దక్కాయి.

2001 నుంచి తపాలా ఆఫీసుల్లో వెస్టర్న్ యూనియన్ పైకం వచ్చింది. పాత కాగితపు మనియార్డరు 2015లో సెలవు తీసుకుంది. యిప్పుడు కువైట్‌లో వున్నవాడు సెల్‌ఫోనులో అంకె నొక్కితే నంద్యాల బ్యాంకు ఖాతాలో రూపాయలు పడతాయి. లోపల జరిగేది పాత పనే. అక్కడి ఎక్స్ఛేంజి కంపెనీ యిక్కడి బ్యాంకులో ముందే రూపాయల ఖాతా వుంచుకుంటుంది. దినారు అక్కడ జమ, రూపాయి యిక్కడ ఖర్చు. వేగం వచ్చింది, కాదనలేం. రెండు వందల డాలర్లు పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు నూటికి ఆరు దాటి వుందని ప్రపంచ బ్యాంకు లెక్క. 2030 నాటికి మూడు లోపుకు తేవాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం. యీ ఖర్చులో రుసుము పైకి కనిపిస్తుంది. రేటులో కలిపిన తేడా మామూలు మనిషి కంట పడదు. “రుసుము లేదు” అన్న ప్రకటన చూసినప్పుడల్లా రేటు ఎంతో చూడాలి.

యిక తిరుగు ప్రవాహం. 2004 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, యిక్కడి మనిషి ఏడాదికి 25 వేల డాలర్లు బయటికి పంపుకోవచ్చని అనుమతి యిచ్చింది. 2015 నాటికి ఆ పరిమితి రెండున్నర లక్షల డాలర్లయింది. సంపన్నుల విహారయాత్రల కోసం, విదేశీ వాటాల కోసం తెరిచిన ఆ తలుపు గుండానే నేడు నంద్యాల గుమాస్తా, ఆళ్లగడ్డ రైతు కూడా అమెరికాలో చదివే పిల్లల ఫీజు పంపుతున్నారు. 2021–22లో చదువుల పేర యీ పద్దు కింద దేశం దాటినది 517 కోట్ల డాలర్లు. 2024–25లో అది 292 కోట్లకు తగ్గింది.

లెక్క కోసం ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక విడత ఫీజు 12 వేల డాలర్లు. 2022 మొదట్లో డాలరు 75 రూపాయలు, అంటే 9 లక్షలు. 2025 డిసెంబరులో డాలరు 90 దాటింది, అంటే 10 లక్షల 80 వేలు. విశ్వవిద్యాలయం ఒక్క డాలరు పెంచకపోయినా తండ్రి మీద లక్షా ఎనభై వేలు పడింది. కె.సి. కాలువ వాటాదారు వడ్డీ లెక్కకూ దీనికీ తేడా ఏమిటి? ఆనాడు కట్టినది ఖజానా. యీనాడు కట్టేది ఒక యిల్లు, పొలం కాగితాలు తాకట్టు పెట్టి, ఆడవాళ్ళ మెడలో బంగారం బ్యాంకులో పెట్టి. దీనికి తోడు 2020 అక్టోబరు నుంచి, బయటికి పంపే మొత్తం ఏడాదికి 7 లక్షలు దాటితే ముందస్తు పన్ను వసూలు మొదలయింది. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10 లక్షలు. రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది, నిజమే. అప్పు తెచ్చి కట్టినవాడికి అది తిరిగి వచ్చేదాకా వడ్డీ ఎవరిస్తారు? బ్యాంకు విద్యా రుణం దొరికినవాడికి యీ పన్నులో మొదటి నుంచీ రాయితీ వుంది, 2025 నుంచి పూర్తి మినహాయింపు. తాకట్టుకు తగిన ఆస్తి లేక వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినవాడి అప్పు ఆ లెక్కలో అప్పే కాదు.

రూపాయి పడితే ప్రవాసులకు లాభమని పత్రికలు ఆనందంగా రాస్తాయి. ఎవరి లాభం? డాలర్లలో జీతం తీసుకుంటూ యిక్కడ స్థలాలు కొనేవాడికి నిశ్చయంగా లాభం. కువైట్‌లో వున్న ఆమె పంపే పైకం రూపాయల్లో నాలుగు ఎక్కువవుతుంది. అదే వీధిలో కొడుకును టెక్సాస్ పంపిన యిల్లు మునుగుతుంది. ఒక్కొక్కచోట ఆ రెండూ ఒకే కుటుంబం. తల్లి కువైట్ నుంచి పంపినది కొడుకు ఫీజుగా అమెరికా పోతుంది. దినారు రూపాయిగా మారి, రూపాయి డాలరుగా మారి, రెండు మలుపుల్లోనూ రేటు తేడా సమర్పించుకుని పోతుంది.

అమెరికా ప్రభుత్వం 2025 జులైలో చేసిన చట్టం ప్రకారం 2026 జనవరి 1 నుంచి, అక్కడి నుంచి బయటికి పంపే పైకం మీద నూటికి ఒకటి పన్ను. మొదటి ముసాయిదాలో అయిదు అన్నారు, తర్వాత మూడున్నర, చివరకు ఒకటి. మన పత్రికల్లో ఊపిరి పీల్చుకున్న ధోరణిలో వార్తలు వచ్చాయి, ఎందుకంటే బ్యాంకు ఖాతా నుంచో అమెరికా కార్డు మీదనో పంపేవాడికి ఆ పన్ను లేదు. నోట్లు పట్టుకుని కౌంటరు దగ్గర వరుసలో నిలబడే మనిషికి మాత్రమే వుంది.