అడవి అంచున నర్సు నిర్ణయం

నర్సు రోగి స్థితిని సొంతంగా నిర్ధారించడం విదేశీ కాలేజీల ఆలోచన అని చాలామంది అనుకుంటారు. నర్సింగ్ డయాగ్నోసిస్‌పై తొలి జాతీయ సదస్సు 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన మాట నిజమే. సరిగ్గా అదే ఏడాది మన దగ్గర కర్తార్ సింగ్ కమిటీ, కాన్పులు చూసే ఏఎన్ఎంకు బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్త బాధ్యతలు అప్పగించాలంది. పని పెరిగింది, చదువు మాత్రం 1977లో 24 నెలల నుంచి 18 నెలలకు తగ్గింది. ఆ లోటు చర్ల, దుమ్ముగూడెం లాంటి ఏజెన్సీ మండలాల్లోనే ఎక్కువ బాధించింది. కోయగూడెంలో జ్వరంతో మగతగా పడి పాలు తాగని పసిబిడ్డను చూసి, మందిచ్చి ఆగాలా, వాగు దాటించి భద్రాచలం పంపాలా అన్నది ముందుగా తేల్చాల్సింది అక్కడి ఏఎన్ఎమ్మే.

రోగనిర్ణయం డాక్టరు పని కదా అనవచ్చు. జబ్బుకు పేరు పెట్టడం డాక్టరు పనే. కానీ కాన్పయిన గంటకు పొత్తికడుపు మీద చెయ్యి వేసి, గర్భసంచి గట్టిపడలేదని, రక్తస్రావం ముంచుకొస్తోందని పసిగట్టడం పక్కనున్న నర్సు ఆలోచన. అది నేర్పితే వస్తుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో 30 మంది స్టాఫ్ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది అందుకే. ఇలాంటి శిక్షణకు ఖర్చెక్కువనే అభ్యంతరం తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. అయినా కొత్తగూడెంలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. అక్కడి అధ్యాపకులు, ఏజెన్సీ ఏఎన్ఎంలు నెలకోసారి కూర్చుని నిజమైన కేసులు చర్చించుకోవడానికి కొత్త భవనాలేవీ అక్కర్లేదు.